పాత పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

ఇంజిన్ లైట్ వెలుగుతుంది, షెడ్డుకు తీసుకెళ్తాం, అక్కడ స్కానర్ పెడతారు, ఆక్సిజన్ సెన్సర్ అని వస్తుంది, సెన్సర్ మారుస్తారు, బిల్లు వేలల్లో అవుతుంది, వారం తిరక్కముందే లైట్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పాత కారు నడిపేవాళ్లలో ఈ తంతు తెలియనివాళ్లు తక్కువ. స్కానర్ అబద్ధమేమీ చెప్పలేదు, అది చెప్పినదానికి మనం తొందరపడి అర్థం తీశాం. కోడ్ అంటే ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న ఫిర్యాదు. ఫలానా చోటు నుంచి వచ్చే రీడింగ్ తేడాగా ఉంది అంటుంది. ఆ తేడా సెన్సర్‌లో ఉందా, దానికి వెళ్లే వైరులో ఉందా, లేక సెన్సర్ శుభ్రంగా ఉండి ఇంజినే నిజంగా అలా నడుస్తోందా అన్నది మనం తేల్చుకోవాలి. తేలేదాకా పార్టు కొనకూడదు.

ఇక్కడ చెప్పేది సుమారు 2008 నుంచి 2017 మధ్య వచ్చిన చిన్న పెట్రోల్ కార్ల గురించి. స్విఫ్ట్, వ్యాగన్‌ఆర్, ఆల్టో కే10, ఐ10 లాంటివి. కావాల్సిన సామాను పెద్దగా లేదు: ఒక బ్లూటూత్ స్కానర్, మామూలు మల్టీమీటర్, 10 నంబర్ స్పానర్, టార్చి, కాస్త ఓపిక. డీజిల్ కార్లది వేరే లోకం, ఈజీఆర్, రైల్ ప్రెషర్, టర్బో పైపులు అంటూ చాలా ఉంటుంది, దాని జోలికి ఇప్పుడు పోవడం లేదు.

స్కానర్ కంటే ముందు లైటును చూడండి

కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా ఆగండి. ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలగాలి. బండి స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. కీ ఆన్‌లో అసలు వెలగనే లేదంటే సంతోషించకండి, బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో కావాలని పీకేసి ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు ముందు చేయాల్సిన పని ఇదే, ఓనర్ అప్పటికే ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టుకుని ఎదురొస్తే ఆపించి మళ్లీ కీ ఆన్ చేయించండి.

లైట్ నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తూ ఉంటే కంగారు లేదు, ఇంటికి వెళ్లి నిదానంగా చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమంటూ వెలిగి ఆరుతూ, బండి కుదుపుతూ పికప్ లేకుండా ఉంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా పచ్చిగా సైలెన్సర్‌లోకి పోతోందని దానర్థం. ఆ పెట్రోల్ సైలెన్సర్ పైపులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి గూడు కరిగిపోతుంది. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఒక కాయిల్ ఖర్చుతో పోయేది కన్వర్టర్ దాకా వస్తుంది.

ఇంకో సంగతి, ఎర్ర రంగులో వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ, టెంపరేచర్ బొమ్మ వేరు. వాటిని చూసి కూడా 'ఇంజిన్ లైట్' అనేస్తుంటారు. అవి వెలిగితే కోడ్లు, స్కానర్లు ఏమీ లేవు, అక్కడికక్కడ ఇంజిన్ ఆపాలి.

ఆ తర్వాత కొంచెం గుర్తు చేసుకోండి. లైట్ రావడానికి ముందు ఈ బండికి ఏం జరిగింది? బానెట్ ఎత్తి వాటర్ వాష్ చేయించారా, నీళ్లు నిలిచిన రోడ్డు మీద పోయారా, కొత్త బంకులో పెట్రోల్ కొట్టించారా, బ్యాటరీ మార్చారా, కొత్త హారనో స్టీరియోనో పెట్టించి వైరింగ్ తెంపి అతికించారా, ఊరెళ్లి వచ్చేదాకా బండి ఒకేచోట ఉందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. వాటర్ వాష్ తర్వాత వచ్చిన మిస్సింగ్‌కు, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకపోవడానికి, సెన్సర్లు మార్చడం శుద్ధ దండగ, ప్లగ్గు గుంతల్లో నీళ్లున్నాయేమో చూస్తే సరిపోతుంది.

స్కానర్ గురించి కాస్త

మన దేశంలో బీఎస్-4 పెట్రోల్ కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ, అంటే బండి తన తప్పులను తానే కనిపెట్టి రాసుకునే ఏర్పాటు, మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. ఈ తేడా పనికొస్తుంది. మొదటి దశలో కంప్యూటర్ ముఖ్యంగా చూసేది సెన్సర్ల కరెంటు లైను తెగిందా, షార్ట్ అయిందా అన్నది. మిస్ ఫైర్‌నూ (మిస్సింగ్‌నే అలా అంటారు), క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరునూ సరిగ్గా గమనించడం రెండో దశతో వచ్చింది. అందుకే 2011 మోడల్ బండి మిస్సింగ్ కొడుతున్నా లైట్ రాకపోవచ్చు, లైట్ లేదు కాబట్టి అంతా బాగుందని అనుకోవద్దు.

స్కానర్ పెట్టే పోర్టు స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఉంటుంది, 16 పిన్నుల సాకెట్. ఆన్‌లైన్‌లో దొరికే ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ ముక్కలు చవకే, కానీ వాటిలో కొన్ని నాసిరకం నకళ్లు పాత కార్లతో మాట్లాడవు. కొత్త కార్లు క్యాన్ అనే లైను మీద మాట్లాడతాయి, పాతవాటిలో చాలావరకు కే-లైన్ అనే పాత పద్ధతి ఉంటుంది, నకలు ముక్కల్లో ఆ భాగం సరిగ్గా ఉండదు. కొనేముందు కే-లైన్ పని చేస్తుందా అని రివ్యూల్లో వెతకండి, తిరిగి ఇచ్చే వీలున్న చోటే కొనండి. యాప్ మొదటిసారి కనెక్ట్ కావడానికి నిమిషం దాకా తీసుకోవచ్చు, కంగారుపడి పీకేయకండి. ఐఫోన్ వాడేవాళ్లు వైఫై రకమో, బ్లూటూత్ తక్కువ పవర్ రకమో చూసి తీసుకోవాలి.

ఇంకా పాత జెన్, ఎస్టీమ్, మొదటి తరం వ్యాగన్‌ఆర్ లాంటివైతే స్కానర్ లేకుండానే కోడ్ చదివే పద్ధతి ఉండేది. డయాగ్నోసిస్ కప్లర్‌లో (వైర్లు కలిసే సాకెట్‌లో) ఒక పిన్నును ఎర్త్‌కు కలిపితే లైటే కోడ్ కొడుతుంది. ఒకసారి మిణుకు, చిన్న గ్యాప్, రెండుసార్లు మిణుకు అంటే 12, అంటే అంతా బాగుందని. కానీ ఏ పిన్ను అన్నది సర్వీస్ మాన్యువల్ చూసే చేయాలి, ఎవరో చెప్పారని తప్పు పిన్ను కలిపితే కంప్యూటర్ కాలిపోవచ్చు.

కోడ్లు రాగానే చేయకూడని పని ఒకటుంది: క్లియర్ బటన్ నొక్కడం. బ్యాటరీ టెర్మినల్ పీకడమూ అలాంటిదే. లైట్ ఆరుతుంది, దానితోపాటు సాక్ష్యమంతా పోతుంది. కోడ్ పడిన క్షణంలో స్పీడు ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఆర్పీఎం ఎంత అన్నది ఫ్రీజ్ ఫ్రేమ్ పేరుతో కంప్యూటర్ దాచి ఉంచుతుంది, ఇంతకంటే విలువైన సమాచారం ఇంకోటి లేదు. ఉదయం చల్లటి ఇంజిన్‌తో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తుండగా, పడిన కోడ్ వేరు, హైవే మీద 90లో పోతుండగా పడిన కోడ్ వేరు. అన్ని కోడ్లూ, పెండింగ్ కోడ్లతో (ఒకసారి కనబడి ఇంకా లైట్ వేయనివాటితో) సహా, ఫ్రీజ్ ఫ్రేమ్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ తర్వాతే మిగతాది.

ముందు బ్యాటరీ, ఎర్త్, వైర్లు

సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి పడ్డాయంటే నాలుగైదు సెన్సర్లు ఒకేసారి పోయాయని కాదు. అలా ఎప్పుడోగానీ జరగదు. ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆగిన బండిలో 12.4 నుంచి 12.6 వోల్టులు ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకు పడకూడదు, ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టగానే 8కి పడే బ్యాటరీతో కంప్యూటర్ తికమకపడి లేనిపోని కోడ్లు రాస్తుంది.

తర్వాత ఎర్త్. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కు వెళ్లే వైర్ల చివర్లు పదేళ్లు దాటిన బండ్లలో తుప్పు పట్టి ఉంటాయి, కోస్తా ఊళ్లలో తిరిగే బండ్లకు ఇది ఇంకా ఎక్కువ. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించండి. ఖర్చు లేని పని.

ఇక ఎలుకలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపే బండ్లకు ఇవి ఒక పెద్ద తలనొప్పి. టార్చి వేసి ఇంజిన్ వెనక భాగం, ఇంజెక్టర్ల దగ్గర, ఆక్సిజన్ సెన్సర్ నుంచి వచ్చే వైరు మీద చూడండి. రాగి తీగ బయటికి కనబడుతోందా, బానెట్ లోపలి పరుపు కొరికిన పీచు, పెంటికలు ఉన్నాయా? ఒక వైరు సగం కొరికి వదిలేస్తే పైకి బాగానే ఉంటుంది, బండి గుంతలో పడ్డప్పుడు మాత్రమే లైన్ తెగుతుంది. ఇలా వచ్చిపోయే కోడ్లను పట్టడానికి తేలికైన పద్ధతి ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, యాప్‌లో ఆ సెన్సర్ లైవ్ రీడింగ్ తెరిచి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని, కప్లర్‌నూ వైరునూ మెల్లగా కదపండి. కూలంట్ టెంపరేచర్ 88 చూపిస్తున్నది కప్లర్ ముట్టుకోగానే మైనస్ 40 అయిపోయిందనుకోండి, దొరికినట్టే. హైదరాబాద్ ఎండల్లో మైనస్ 40 ఏ ఇంజిన్‌లోనూ ఉండదు, లైన్ తెగితే కంప్యూటర్‌కు కనిపించే అంకె అది. సెన్సర్ కొనక్కర్లేదు, కప్లర్ పిన్ను సరిచేస్తే చాలు. ఫ్యాను, బెల్టు దగ్గర చేతులూ చున్నీలూ జాగ్రత్త.

కప్లర్ విప్పినప్పుడు లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. డబ్ల్యూడీ-40 స్ప్రే అన్నిటికీ మందు అనుకుంటారు గానీ కప్లర్లకు కాంటాక్ట్ క్లీనరే మేలు, ఆరిపోయి ఏమీ మిగల్చదు.

లైవ్ రీడింగ్‌లో ఏం వెతకాలి

నా దృష్టిలో స్కానర్‌కు పెట్టిన డబ్బు కోడ్ల కోసం కాదు, ఈ లైవ్ అంకెల కోసమే. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కీ ఆన్ చేసి మూడు అంకెలు చూడండి.

కూలంట్ టెంపరేచర్, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్ రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి, ఆ పూట వాతావరణానికి దగ్గరగా ఉండాలి. ఒకటి 27, ఇంకోటి 52 చూపిస్తే ఆ 52 చూపించేదాని మీద అనుమానం పెట్టుకోండి.

మూడోది మ్యాప్ సెన్సర్, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. విశాఖలోనో కాకినాడలోనో అయితే 100 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 95 దగ్గర. హైదరాబాద్‌లో 95 చూసి సెన్సర్ పోయిందనుకోవద్దు, 82 చూపిస్తే మాత్రం తేడా ఉన్నట్టే. స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడిల్‌లో ఇది సుమారు 30 నుంచి 40 మధ్యకు దిగాలి. 55, 60 దగ్గరే ఆగిపోయిందంటే ఎక్కడో గాలి లీకు, లేదా వాల్వుల టైమింగ్ తేడా.

గాలి లీకు విషయంలో యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. వాళ్ల కార్లలో చాలావాటికి ఎయిర్ ఫ్లో మీటర్ ఉంటుంది, పైపు పగిలితే ఆ మీటర్‌ను తప్పించుకుని గాలి లోపలికి పోతుంది, పీ0171 అనే లీన్ కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదని) పడుతుంది, అందుకే వాళ్లు లీన్ కోడ్ అనగానే గాలి లీకు వెతకమంటారు. మన చిన్న కార్లలో చాలావరకు ఆ మీటర్ లేదు, మ్యాప్ సెన్సరే. పైపు పగిలితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, మ్యాప్ అది చూస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ పోస్తుంది, ఐడిల్ పెరుగుతుంది. అంటే మన దగ్గర గాలి లీకు ఎక్కువసార్లు ఐడిల్ 1,200, 1,500 దగ్గర నిలబడిపోవడంగా కనిపిస్తుంది. లీన్ కోడే వచ్చిందంటే పెట్రోల్ సరఫరా వైపు ముందు చూడాలి: ట్యాంకులో పంపు జాలి మూసుకుపోవడం, ఇంజెక్టర్లు, ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు సైలెన్సర్ పైపు చీలిక. ఎప్పుడూ రిజర్వులోనే బండి నడిపేవాళ్లకు పంపు జాలి సమస్య మామూలే.

దీన్ని తేల్చేది ఫ్యూయల్ ట్రిమ్. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ పెట్రోల్ పోస్తోందో అది చెబుతుంది. షార్ట్ టర్మ్ క్షణక్షణం మారుతుంది, లాంగ్ టర్మ్ నిదానంగా నేర్చుకుంటుంది, రెండూ కూడి చూడాలి. సున్నాకు అటూ ఇటూ 10 లోపు ఉంటే దిగుల్లేదు. ఐడిల్‌లో ఒకసారి, 2,500 ఆర్పీఎం దగ్గర నిలబెట్టి ఒకసారి రాసుకోండి. రేస్ ఇచ్చేకొద్దీ ప్లస్ పెరిగిపోతుంటే పెట్రోల్ చాలడం లేదు, పంపు వైపు చూడాలి. ఐడిల్‌లో మైనస్ 15, మైనస్ 20 అంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, కారే ఇంజెక్టర్, తప్పు కూలంట్ రీడింగ్, వీటిలో ఏదైనా కావచ్చు.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చాక ఈ అంకెలు కొంచెం పైకి జరిగాయి, అది జబ్బు కాదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ10 మీద నేర్చుకున్న ఇంజిన్‌కు ఈ20 పోస్తే సుమారు 4 శాతం అదనంగా పెట్రోల్ పోయాల్సి వస్తుంది. ట్రిమ్ ప్లస్ 4, ప్లస్ 5 కనబడితే వదిలేయండి. అప్పటికే పంపు నీరసించి ప్లస్ 15 మీద నడుస్తున్న బండిని మాత్రం ఈ కాస్త అదనమే గీత దాటించి లైట్ వెలిగించగలదు.

ఇంజిన్ వేడెక్కేదాకా కూలంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 'మన ఎండలకు అదెందుకు సార్' అని పీకి పక్కన పడేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. ఇరవై నిమిషాలు హైవే మీద నడిపాక కూలంట్ 85 నుంచి 95 మధ్య స్థిరపడాలి. 65, 70 దగ్గరే ఆగిపోతే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, పీ0128 లాంటి కోడ్ రావచ్చు. ఎండలు ఎంత మండినా ఆ పార్టు ఉండాల్సిందే.

మిస్సింగ్ ఉంటే కాయిల్ మార్చి చూడటం

పీ0300 అంటే ఏ సిలిండర్ అని చెప్పలేని మిస్ ఫైర్, పీ0301 అంటే మొదటి సిలిండర్, పీ0302 రెండోది, అలా. మారుతి కే-సిరీస్ ఇంజిన్లలో ప్రతి ప్లగ్గు మీద విడివిడిగా కాయిల్ ఉంటుంది, కాబట్టి పరీక్ష పైసా ఖర్చు లేకుండా అవుతుంది. ఉదాహరణకు పీ0302 పడింది. ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి, కీ తీసేయండి. రెండో సిలిండర్ కాయిల్ కప్లర్ లాక్ నొక్కి విప్పండి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, లాగితే విరుగుతుంది, నొక్కి పట్టుకుని తీయాలి. 10 నంబర్ బోల్టు విప్పి కాయిల్‌ను కొంచెం తిప్పుతూ పైకి లాగండి. మూడో సిలిండర్ కాయిల్ కూడా అలాగే తీసి, ఒకదాని చోట ఇంకోటి పెట్టి బిగించండి. ఇప్పుడు, స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి, కోడ్ క్లియర్ చేసి బండి నడపండి. కోడ్ పీ0303గా మారిందంటే జబ్బు కాయిల్‌తోపాటు నడిచి వెళ్లింది, కాయిల్ మార్చండి. ఇంకా పీ0302 అనే వస్తుంటే కాయిల్ నిర్దోషి, అలాగే ప్లగ్గు మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్.

కాయిల్ బయటికి తీసినప్పుడు దాని రబ్బరు గొట్టాన్ని వెలుతురులో పట్టి చూడండి. సన్నటి తెల్లటి గీతలు కనబడితే కరెంటు అక్కడి నుంచి పక్కకు దూకుతోంది. గొట్టం కింది భాగం నూనెతో తడిసి ఉంటే ప్లగ్గు గుంతలోకి ఇంజిన్ ఆయిల్ దిగుతోంది, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే కొత్తదీ పాడవుతుంది. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే, నల్లగా పొడిగా మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ కాలుతోంది. ప్లగ్గు తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, అల్యూమినియం హెడ్డులో మరలు అరిగితే ఆ ఖర్చు ముందు ఈ సమస్య ఎంత.

పాత సాంట్రో లాంటి బండ్లలో ఒకే కాయిల్ ప్యాక్, దాని నుంచి ప్లగ్గు వైర్లు ఉంటాయి. రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడుస్తుండగా చూస్తే పగిలిన వైరు నుంచి నీలిరంగు మెరుపు కనబడుతుంది. చేయి మాత్రం పెట్టకండి.

ఆక్సిజన్ సెన్సర్ మీద నేరం మోపేముందు

ఇంజిన్ బాగా వేడెక్కాక, 2,500 ఆర్పీఎం దగ్గర, మొదటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతూ ఉండాలి. ఊగుతోందంటే అది బతికే ఉంది. ఒకేచోట నిలిచిపోతే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలి చూడండి. తొక్కగానే 0.9 వైపు లేచి, వదలగానే సున్నా వైపు పడితే సెన్సర్ నిజమే చెబుతోంది, ఇంజినే లీన్‌గానో (పెట్రోల్ తక్కువై) రిచ్‌గానో (పెట్రోల్ ఎక్కువై) నడుస్తోంది. అప్పుడు సెన్సర్ మార్చడం జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చడం లాంటిదే.

పీ0135 లాంటి హీటర్ కోడ్ అయితే కథ సులువు. ముందు ఫ్యూజ్ చూడండి. నాలుగు వైర్ల సెన్సర్లలో సాధారణంగా ఒకే రంగులో ఉండే రెండు వైర్లు హీటర్‌వి, కప్లర్ విప్పి సెన్సర్ వైపు మల్టీమీటర్ పెడితే కొన్ని ఓములు చూపించాలి. లైన్ తెగినట్టు చూపిస్తే సెన్సర్ పోయినట్టే, మార్చేయొచ్చు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు 22 నంబర్ స్పానర్‌తో తీస్తే తేలికగా వస్తుంది.

పీ0420, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేయడం లేదన్న కోడ్, ఇది చూడగానే కన్వర్టర్ కొనకండి. సైలెన్సర్ పైపు లీకులు, రెండో ఆక్సిజన్ సెన్సర్, పాత మిస్సింగ్, ఆయిల్ తాగే ఇంజిన్, ఇవన్నీ చూశాకే ఆ మాట. వేడి ఇంజిన్‌లో నిలకడగా నడుపుతున్నప్పుడు రెండో సెన్సర్ 0.6, 0.7 దగ్గర ప్రశాంతంగా ఉండాలి. అది కూడా మొదటిదానిలాగే ఊగుతుంటే కన్వర్టర్ చచ్చిపోయిందనే చెప్పాలి. లోపలి గూడును పొడిచి ఖాళీ చేసేస్తే బండి ఫ్రీగా పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ గూడులో ప్లాటినం, పెల్లేడియం, రోడియం ఉంటాయి, దానికి తుక్కులో మంచి ధర పలుకుతుంది, సలహా వెనక అది కూడా ఉండొచ్చు. పొల్యూషన్ టెస్టులో మీరే ఇరుక్కుంటారు.

గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే ఇవన్నీ చూసేముందు ఒక వారం పూర్తిగా పెట్రోల్ మీదే నడపండి. పెట్రోల్ మీద లైట్ రాకుండా, గ్యాస్‌కు మార్చగానే వస్తుంటే ఇంజిన్‌ను విప్పొద్దు, కిట్ ట్యూనింగ్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

మిగతావి రెండు ముక్కల్లో. వేడెక్కాక దారిలో ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండిలో పీ0335 ఉంటే ఇంజిన్ తిరగడాన్ని కొలిచే క్రాంక్ సెన్సర్ దగ్గర వెతకండి. ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడుతూ యాప్‌లో ఆర్పీఎం చూస్తే, ఇంజిన్ తిరుగుతున్నా సున్నా చూపిస్తుంది. ఐడిల్ ఊగిసలాడుతూ సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండికి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రేకు ఉన్న భాగం) శుభ్రం చేయండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే కీ ఆన్‌లో ఉండగా రేకును వేలితో నెట్టకండి.

చేసిన పని నిలబడిందా

రిపేరు అయ్యాక కోడ్ క్లియర్ చేయండి. లైట్ ఆరింది కాబట్టి అయిపోయిందని అదే రోజు చెప్పలేం. చాలా తప్పులకు కంప్యూటర్ ఒక ట్రిప్పులో పెండింగ్ అని రాసుకుని, వరుసగా రెండో ట్రిప్పులోనూ కనబడితేనే లైట్ వేస్తుంది. అందుకే రెండు మూడు రోజులు, ఉదయం చల్లటి స్టార్ట్, కొంత ట్రాఫిక్, కొంత నిలకడైన హైవే వేగం ఉండేలా నడిపి, లైట్ లేకపోయినా స్కానర్ పెట్టి పెండింగ్ కోడ్లు చూడండి. ఖాళీగా ఉంటే ఈ పని ముగిసింది.

మీ వల్ల కాక షెడ్డుకే వెళ్లాల్సి వస్తే స్క్రీన్‌షాట్లు చూపించి, ఏవేవి చూశారో చెప్పండి. సెన్సర్ మార్చాలంటే ఏ రీడింగ్ చూసి అలా అంటున్నారో అడగండి. మంచి మెకానిక్ విసుక్కోడు, ఫోన్ తీసుకుని చూస్తాడు. మార్చిన పాత పార్టు మాత్రం అడిగి వెనక్కి తెచ్చుకోండి, కొత్తదాని డబ్బా మీది పార్టు నంబరుతో సరిపోల్చి చూసుకోండి, బిల్లులో ఆ నంబరు రాయించుకోండి.